క్లిప్పు పడిన తర్వాత

మస్కట్ నుంచి నైరుతి దిక్కుగా గంటన్నర ప్రయాణిస్తే నిజ్వా వస్తుంది. ఆ ఊరి ఖర్జూర తోటలకు ప్రాణం ఫలజ్ దారిస్ అనే కాలువ. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన అయిదు ఒమానీ ఫలజ్‌లలో అదొకటి. పంపు లేదు, మోటారు లేదు. భూమి లోపలి ఊట నీరు కేవలం వాలు మీద నడిచి తోటలకు చేరుతుంది. ఎవరి వంతు ఎంతసేపో లెక్క ఉంటుంది. వంతు అయిపోగానే పిల్లకాలువకు అడ్డంగా ఒక రాయి పెట్టి, సందుల్లో గుడ్డ కుక్కుతారు. మన గోదావరి జిల్లాల్లో బోదెకు మట్టిగడ్డ అడ్డం వేసినట్టే. గుడ్డ సరిగా కూరకపోతే నీరు పక్కదారి పడుతుంది. ఊటలో లోటేమీ ఉండదు, కాలువ పారుతూనే ఉంటుంది, కాని చివరి చెట్టు మాత్రం ఎండుతుంది.

వాల్వు లీకున్న గుండె పరిస్థితి సరిగ్గా ఇదే.

కవాటం అంటే తలుపు. తెలుగు మీడియం పాఠ్యపుస్తకంలో ద్విపత్ర కవాటం అని చదువుకున్నదాన్నే డాక్టర్లు మైట్రల్ వాల్వు అంటారు. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న రెండు రెక్కల తలుపు అది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం పై గదిలోంచి కిందికి దిగేటప్పుడు తెరుచుకుంటుంది. కింది గది బిగుసుకుని రక్తాన్ని ఒంట్లోకి తోసేటప్పుడు మూసుకుంటుంది. రోజుకు సుమారు లక్ష సార్లు ఈ పని జరుగుతుంది. రెక్కలు వెనక్కి తిరగబడకుండా కిందినుంచి గొడుగు ఊచల్లాంటి సన్నని తీగలు పట్టి ఉంచుతాయి. తలుపు పూర్తిగా పడకపోతే ముందుకు పోవలసిన రక్తంలో కొంత వెనక్కి, ఊపిరితిత్తుల వైపు ఎగదన్నుతుంది.

అప్పుడు మనిషికి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రెండు మూడు దిళ్ళు ఎత్తు పెట్టుకుంటే గాని నిద్ర పట్టదు. సాయంత్రానికి పాదాలకు నీరు పడుతుంది. ఎకో తీయిస్తే రిపోర్టులో కనిపించే "పంపింగ్" శాతం ఒక్కోసారి బాగానే ఉన్నట్టు భ్రమ పెడుతుంది. వెనక్కి పోయిన రక్తాన్ని కూడా గుండె తోసిన ఖాతాలోనే కలిపేస్తుంది ఆ లెక్క. పంపింగ్ 60 శాతం ఉందని ఇంటిల్లిపాదీ ధైర్యపడిన సమయంలోనే లోపల కండరం అలిసిపోతూ ఉండవచ్చు.

తలుపు ఎందుకు పడటం లేదు? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే తర్వాతి కథంతా ఆధారపడుతుంది. పాత ఇంట్లో తలుపు మూతపడకపోతే వడ్రంగి రెండు చూస్తాడు. రెక్క చెడిందా? లేక గోడ కుంగి ద్వారబంధం పక్కకు జరిగిందా? గుండెలోనూ అంతే. రెక్క సాగిపోయినా, దాన్ని పట్టుకున్న తీగ తెగినా అది ప్రాథమిక లీకు. రెక్కలు నిక్షేపంగా ఉండి, గుండెపోటు వల్లో కండరం బలహీనపడడం వల్లో కింది గది ఉబ్బి గుమ్మాన్ని సాగదీస్తే అది ద్వితీయ లీకు. మొదటిదానిలో తలుపు బాగైతే ఇల్లు బాగవుతుంది. రెండోదానిలో తలుపు బాగైనా కుంగిన గోడ మిగిలే ఉంటుంది.

ఒమాన్‌లో ఈ రెండో రకం గురించి ఆలోచించాల్సిన అవసరం ఎక్కువ. 1970 నాటికి ఆ దేశం మొత్తం మీద ఉన్నవి రెండు ఆస్పత్రులు, 12 పడకలు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల వైద్య వ్యవస్థల పనితీరుకు వరుస కడితే ఒమాన్‌కు ఎనిమిదో స్థానం దక్కింది. పసిబిడ్డల మరణాలు తగ్గాయి, అంటురోగాలు వెనక్కి వెళ్ళాయి, ఆయుర్దాయం పెరిగింది. ఆ వెనకాలే షుగరు, బీపీ, గుండెజబ్బు వచ్చి కూర్చున్నాయి.

దాని లోతు 2012 నాటి లెక్కల్లో తెలిసింది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా ఒమాన్‌తో పాటు సౌదీ, యూఏఈ, ఖతార్, బహ్రెయిన్, కువైట్, యెమెన్‌లలోని 47 ఆస్పత్రుల్లో గుండె వైఫల్యంతో, అంటే గుండె రక్తాన్ని చాలినంతగా తోయలేని స్థితిలో, చేరిన 5,005 మంది వివరాలను గల్ఫ్ కేర్ అనే రిజిస్ట్రీ నమోదు చేసింది. దానికి ముందుండి నడిచినవారిలో మస్కట్ రాయల్ హాస్పిటల్‌కు చెందిన డాక్టర్ కాదిమ్ సులేమాన్ ఒకరు. వైద్య పత్రికలో వచ్చిన నివేదికకు మొదటి రచయిత ఆయనే. అందులో అందరినీ ఆపి ఆలోచింపజేసిన అంకె సగటు వయసు. అది 59 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల రోగుల కన్నా పదేళ్ళు చిన్న. సగం మందికి షుగరు ఉంది. ఏడాది తిరిగేలోగా అయిదుగురిలో ఒకరు కన్నుమూశారు. నూటికి 40 మంది మళ్ళీ ఆస్పత్రి మెట్లెక్కారు.

59 ఏళ్ళంటే మస్కట్‌లో ఒమానీ కుటుంబానికి ఇంటి పెద్ద. అదే మస్కట్‌లోని రువీలోనో ఘలాలోనో ఉండే కడప, కోనసీమ, నిజామాబాద్ మనిషికైతే, "ఇంకో రెండేళ్ళు చేసి ఇంటికొచ్చేస్తా" అని ఫోన్లో చెప్పే వయసు. ఛాతీ కోయకుండా, సిరలోంచి సన్నని గొట్టం (క్యాథెటర్) పంపి వాల్వు లీకును సరిచేసే చికిత్సల ఫలితాల గురించి ప్రపంచం దగ్గరున్న లెక్కలు ఎక్కువగా డెబ్బై, ఎనభై దాటినవాళ్ళవి. వాటిని ఒమాన్‌లో చదివేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోక తప్పదు.

ఇక ఆ చికిత్స పుట్టుక. 1990ల మొదట్లో ఇటలీ సర్జన్ ఒటావియో అల్ఫియేరి ఒక వింత చూశారు. వేరే లోపానికి ఆపరేషన్ చేయించుకుంటున్న రోగి గుండెలో మైట్రల్ వాల్వుకు పుట్టుకతోనే ఒకటికి బదులు రెండు ద్వారాలున్నాయి. అయినా చక్కగా పనిచేస్తోంది. లీకు లేదు, ఇరుకూ లేదు. ప్రకృతి చేసింది మనమెందుకు చేయకూడదు అనుకున్నారాయన. 1991లో లీకవుతున్న వాల్వు రెండు రెక్కల అంచులనూ మధ్యలో కలిపి ఒక కుట్టు వేశారు. తలుపుకు అటొక సందు, ఇటొక సందు మిగిలాయి. రక్తం ఆ రెండింటిలోంచి దిగింది, వెనక్కి మాత్రం రాలేదు. తోటి సర్జన్లలో చాలామంది తలలు అడ్డంగా ఊపారు. ఇంత అందమైన కవాటాన్ని మధ్యలో కుట్టేయడమా అన్నది వాళ్ళ బాధ.

కాలిఫోర్నియాలో ఫ్రెడ్ సెయింట్ గోర్ అనే హృద్రోగ నిపుణుడికి మాత్రం ఆ కుట్టులో వేరే సంగతి కనిపించింది. ఒక్క కుట్టే అయితే ఛాతీ తెరవడం దేనికి? 1999లో ఎవాల్వ్ అనే కంపెనీ మొదలైంది. కుట్టు స్థానంలో బట్టలారేసే క్లిప్పులాంటి చిన్న పరికరం తయారైంది. కోబాల్ట్, క్రోమియం మిశ్రలోహం, దాని మీద పాలిస్టర్ గుడ్డ తొడుగు. పందుల గుండెల్లో పరీక్షించాక, 2003 జూన్‌లో వెనెజువెలా రాజధాని కారకాస్‌లో మొదటిసారి మనిషి గుండెలో అమర్చారు. తర్వాత 2009లో అబాట్ కంపెనీ ఎవాల్వ్‌ను కొనేసింది. మైట్రాక్లిప్ అన్న పేరుతో ఇవాళ గుండె ఆస్పత్రుల్లో వినబడేది ఇదే.

క్యాథ్ ల్యాబ్‌లో జరిగే పని చెప్పడానికి సులువే, చేయడానికి ఎంతో నేర్పు కావాలి. రోగికి మత్తు ఇస్తారు. గొంతులోంచి ఎకో గొట్టం దించి గుండెను వెనకనుంచి చూస్తారు. తొడ దగ్గరి సిరలోంచి దాదాపు 8 మిల్లీమీటర్ల లావు గొట్టాన్ని గుండె కుడివైపుకు తీసుకెళ్ళి, రెండు పై గదుల మధ్య పలచని గోడకు చిన్న రంధ్రం చేసి ఎడమవైపుకు దాటిస్తారు. కొట్టుకుంటూనే ఉన్న గుండెలో, ఎగిరిపడుతున్న రెండు రెక్కలనూ క్లిప్పు చేతుల్లోకి తీసుకుని మూస్తారు. ఎకో తెరమీద లీకు తగ్గిందా, తలుపు మరీ ఇరుకైందా అని చూస్తారు. నచ్చకపోతే విప్పి మళ్ళీ పట్టుకోవచ్చు. కుదిరిందనుకున్నాకే వదిలిపెడతారు. చాలామంది మర్నాడే లేచి నడుస్తారు. నెలలు గడిచేకొద్దీ గుడ్డ తొడుగు మీద శరీరపు కణజాలం అల్లుకుని రెక్కల మధ్య ఒక వంతెనలా గట్టిపడుతుంది.

ఇంతవరకూ వింటే ఆపరేషన్ల కాలం చెల్లిందనే అనిపిస్తుంది. 2011లో వెలువడిన ఎవరెస్ట్-2 పరిశోధన ఆ తొందరను అదుపులో పెట్టింది. 279 మందిలో మూడింట రెండొంతుల మందికి క్లిప్పు, మిగతావాళ్ళకు ఆపరేషన్. క్లిప్పు వర్గంలో తొలి నెల ఇబ్బందులు, ముఖ్యంగా రక్తం ఎక్కించాల్సి రావడం, బాగా తక్కువ. కాని లీకును అరికట్టడంలో ఆపరేషన్‌దే పైచేయి. అయిదేళ్ళ లెక్క ఇంకా స్పష్టంగా చెప్పింది. క్లిప్పు వేయించుకున్నవారిలో దాదాపు 28 శాతం మందికి తర్వాత వాల్వు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మొదటే ఆపరేషన్ అయినవారిలో మళ్ళీ చేయాల్సి వచ్చింది 9 శాతం మందికే. ఆ తేడాలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే బయటపడింది. అంటే మొదట బాగా కుదిరిన క్లిప్పు ఆ తర్వాతా చాలామందిలో నిలబడింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే రెక్క చెడిన లీకుకు, మనిషి ఆపరేషన్ తట్టుకోగలిగితే, ఈనాటికీ సర్జన్ చేతి మరమ్మతుకే మొదటి పీట. 50 ఏళ్ళ మనిషి ఛాతీ కోతకు భయపడి క్లిప్పు అడిగితే డాక్టరు వెంటనే ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. పెద్ద వయసువాళ్ళకు, కిడ్నీలో ఊపిరితిత్తులో సహకరించనివాళ్ళకు మాత్రం క్లిప్పు నిజమైన వరం.

గుమ్మం సాగిన రెండో రకం లీకు కథ 2018లో నాటకీయంగా మలుపు తిరిగింది. ఆగస్టు చివర మ్యూనిక్‌లో ఫ్రెంచి వైద్యులు మిత్రా-ఎఫ్ఆర్ ఫలితాలు చెప్పారు. 304 మంది రోగులు, సగం మందికి మందులతో పాటు క్లిప్పు, సగం మందికి మందులే. ఏడాదిలో మరణం లేదా గుండె వైఫల్యంతో అనుకోకుండా ఆస్పత్రి పాలవడం, క్లిప్పు వర్గంలో 54.6 శాతం, మందుల వర్గంలో 51.3 శాతం. లాభం శూన్యం. నాలుగు వారాలైనా గడవకముందే, సెప్టెంబరులో శాన్‌డియేగోలో కోయాప్ట్ ఫలితాలు వచ్చాయి. అమెరికా, కెనడాల్లో 614 మంది. ఇక్కడ నూరుమందిని ఏడాదిపాటు గమనిస్తే గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడం మందుల వర్గంలో 68 సార్లు, క్లిప్పు వర్గంలో 36 సార్లు. రెండేళ్ళకు చనిపోయినవారు మందుల వర్గంలో 46 శాతం, క్లిప్పు వర్గంలో 29 శాతం. ఆరుగురికి క్లిప్పు వేస్తే రెండేళ్ళలో ఒక ప్రాణం నిలిచింది. గుండె వైఫల్యపు చికిత్సలో ఇంత పెద్ద లాభం అరుదు.

ఒకే పరికరం, ఒకే జబ్బు. ఒకచోట సున్నా, ఒకచోట ప్రాణదానం. మొదట అందరూ తికమకపడ్డారు. తర్వాత రెండు పరిశోధనల్లోని గుండెలను పక్కపక్కన పెట్టి చూశారు. ఫ్రాన్స్ రోగుల గుండెలు చాలా ఉబ్బిపోయి ఉన్నాయి, లీకు మాత్రం అంత పెద్దది కాదు. కోయాప్ట్ రోగుల గుండెల ఉబ్బు తక్కువ, లీకు మాత్రం పెద్దది. అంటే మొదటివారి కష్టానికి మూలం కుంగిన గోడ, రెండోవారి కష్టంలో పెద్ద వాటా తలుపుది. పైగా కోయాప్ట్‌లో క్లిప్పుకు ముందే ప్రతి రోగికీ గుండె వైఫల్యపు మందులు తట్టుకోగలిగినంత మోతాదుకు తెచ్చారో లేదో నిపుణుల సంఘం తనిఖీ చేసింది. మందులతోనే లీకు తగ్గిపోయినవాళ్ళు చికిత్స దాకా రాలేదు. ఈ అధ్యాయంలో పాఠకుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఒక్కటుంటే అది ఇదే. క్లిప్పు ఫలితం క్లిప్పులో సగమే ఉంది. మిగతా సగం ఎవరికి వేశారు, ఎప్పుడు వేశారు, అంతకుముందు మందులు ఎంత పట్టుదలగా వాడారు అన్నవాటిలో ఉంది.

2023లో కోయాప్ట్ అయిదేళ్ళ లెక్క వచ్చింది. దాన్ని చదివేటప్పుడు మనసు గట్టి చేసుకోవాలి. క్లిప్పు వర్గంలో 57 శాతం మంది, మందుల వర్గంలో 67 శాతం మంది అయిదేళ్ళలో మరణించారు. రెండేళ్ళ తర్వాత మందుల వర్గంవారూ క్లిప్పు వేయించుకోవడానికి అనుమతించారు గనక తేడా కొంత తగ్గి కనబడి ఉండవచ్చు. అయినా ఒక నిజం దాచలేనిది. తలుపు బాగైనా అలిసిన కండరం అలిసిందే. క్లిప్పు గుండె వైఫల్యాన్ని నయం చేయదు, దానితో బతికే రోజులను పెంచుతుంది, ఆస్పత్రి మంచం మీద గడిచే రోజులను తగ్గిస్తుంది. పరికరం వల్ల కలిగిన తీవ్రమైన ఇబ్బందులు అయిదేళ్ళలో 293 మందిలో నలుగురికే వచ్చాయి.

పరిశోధనల గోడలు దాటి, మామూలు ఆస్పత్రుల్లో ఏం జరుగుతోంది? అమెరికాలో 2014 నుంచి 2022 దాకా రెక్క చెడిన లీకుకు క్లిప్పు వేయించుకున్న 19,088 మంది లెక్క 2023లో ప్రచురితమైంది. సగం మంది 82 దాటినవాళ్ళే. నూటికి 89 మందిలో పని సఫలమైంది, అంటే లీకు మధ్యస్థానికో అంతకన్నా తక్కువకో దిగింది, తలుపూ మరీ ఇరుకు కాలేదు. నెలలోపు మరణాలు 2.7 శాతం. సఫలమైనవారిలో ఏడాదిలోపు 14 శాతం, విఫలమైనవారిలో 26.7 శాతం చనిపోయారు. క్యాథ్ ల్యాబ్‌లో "కాస్త లీకు మిగిలిందిలే" అని సరిపెట్టుకోవడానికీ, ఓపికగా రెండో క్లిప్పు వేయడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ రెండు అంకెలు చెబుతాయి. అయితే రెండో క్లిప్పు ప్రతిసారీ జవాబు కాదు. రెక్కలను ఎక్కువగా బిగిస్తే తలుపు ఇరుకై రక్తం దిగడమే కష్టమవుతుంది. ఆ తూకం ఎకో చూసే డాక్టరు కంట్లో ఉంటుంది.

2024లో మరో రెండు పరిశోధనలు వచ్చాయి. రీషేప్-హెచ్ఎఫ్2లో 505 మంది ఉన్నారు, లీకు కోయాప్ట్‌లో కన్నా తక్కువ. అక్కడా క్లిప్పు వర్గంలో ఆస్పత్రి చేరికలు తగ్గాయి. జర్మనీలో జరిగిన మాటర్‌హార్న్, గుమ్మం సాగిన 210 మందిలో క్లిప్పును ఆపరేషన్‌తో నేరుగా పోల్చింది. ఏడాది ఫలితంలో క్లిప్పు వెనకబడలేదు, తొలి నెల ఇబ్బందులు మాత్రం ఆపరేషన్‌లో మూడు రెట్లకు పైగా ఉన్నాయి.

తెలుగువారి విషయంలో ఒక మాట విడిగా చెప్పాలి. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి వాల్వు పాడైనవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. రుమాటిక్ జబ్బులో రెక్కలు మందంగా, బిరుసుగా అతుక్కుపోతాయి. తలుపు లీకవడంతో పాటు పూర్తిగా తెరుచుకోదు కూడా. అలాంటి తలుపుకు మధ్యలో క్లిప్పు పెడితే ఉన్న దారీ పోతుంది. కాబట్టి గల్ఫ్‌లో ఒకరికి క్లిప్పుతో బాగైందని విని, ఊళ్ళో ఉన్న నలభై ఏళ్ళ చెల్లెలికీ అదే చేయించాలనుకోవడం సరికాదు. వాల్వు లీకు అన్న పేరు ఒక్కటే, లోపలి జబ్బు వేరు.

ఆస్పత్రి నుంచి బయటికొచ్చాక ఒమాన్ ఎండ ఎదురవుతుంది. 2018 జూన్ 26న మస్కట్‌కు ఆగ్నేయంగా సముద్రతీరాన ఉన్న ఖురయ్యాత్‌లో పగలూ రాత్రీ కలిపి ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కన్నా కిందికి దిగలేదు. వేసవిలో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ ప్రభుత్వ నియమం. గుండె వైఫల్యం ఉన్న మనిషి నీళ్ళ మాత్ర వేసుకుంటాడు. ఆ మాత్ర ఒంట్లో నీటిని తీసేస్తుంది, ఎండా అదే పని చేస్తుంది. బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. అలాగని చెంబెడు నీళ్ళు ఎత్తి తాగితే కాళ్ళకు నీరు, ఆయాసం. దీనికి విరుగుడు చాలా మామూలుది. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక బరువు చూసుకుని రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతోందని అర్థం, బాగా తగ్గితే నీళ్ళ మాత్ర మోతాదు గురించి డాక్టర్ని అడగాలి. రంజాన్‌లో ఉపవాసం ఉండేవారు మాత్రల వేళలు ముందే మార్పించుకోవాలి. క్యాంపులో పదిమందికీ కలిపి వండే కూర, ఊరినుంచి వచ్చిన ఆవకాయ, అప్పడాలు, వీటిలోని ఉప్పే చాలామందిని మళ్ళీ ఆస్పత్రికి పంపేది.

అన్నిటికన్నా తేలిగ్గా జారిపోయేది తర్వాతి తనిఖీ. పైన చెప్పిన క్లిప్పు పరిశోధనల అంకెలు మళ్ళీ మళ్ళీ ఎకో తీసి చూసిన రోగులవి. వలస జీవితంలో వీసా మారుతుంది, కంపెనీ మారుతుంది, ఊరికి వెళ్ళిన మనిషి తిరిగి రాకపోవచ్చు. క్లిప్పు ఒక రెక్క నుంచి జారినా, లీకు మళ్ళీ పెరిగినా, గుండె లయ తప్పినా మొదట తెలిసేది ఎకోలో, ఈసీజీలో. పాత ఎకో పక్కన లేకుండా కొత్త ఎకో సగమే చెబుతుంది. అందుకే మస్కట్‌లో చికిత్స అయి శంషాబాద్ విమానం ఎక్కే మనిషి చేతి సంచిలో మాత్రల చీటీ, డిశ్చార్జి సమ్మరీ, ఎకో దృశ్యాలున్న సీడీ ఉండాలి. పరికరం పేరు, నంబరు, అమర్చిన తేదీ రాసిన ఇంప్లాంట్ కార్డు పర్సులో ఉండాలి. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా, ఎమ్మారైకి వెళ్ళినా ముందు ఆ కార్డే చూపించాలి. జగిత్యాలలోనో రాయచోటిలోనో ఆ మనిషిని మొదటిసారి చూసే డాక్టరు స్టెతస్కోపు పెట్టకముందే అడిగే ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.